ముంగిసల ఇంట్లో పొగ

కొండవాలున ఒక పెద్ద పుట్టలో ఏడు ముంగిస కుటుంబాలు కలిసి ఉండేవి. పగలంతా పుట్ట నెత్తిన నల్లరాళ్లు ఎండకి కాగేవి. పొద్దు గూకగానే వాటిని దించి గదికొకటి పెట్టుకునేవి. చలికాలమంతా ఆ వెచ్చదనమే.

అడవిలో చలిమంటలు ఎక్కువై సింహానికి దగ్గు పట్టుకుంది. "నిరుటి కంటే పొగ సగానికి తగ్గించనివాళ్లు అడవి విడిచి పోవాలి" అని చాటింపు వేయించింది.

తనిఖీకి నక్క బయల్దేరింది. నిరుడు రోజూ పది మోపులు కాల్చిన ఎలుగుబంటి ఐదుకు దిగిందని మెడలో దండ వేసింది. తర్వాత పుట్ట దగ్గరికొచ్చింది.

"నిరుడు ఎంత పొగ?"

"అసలు లేదండీ," అంది ముసలి ముంగిస.

"ఈ ఏడు?"

"ఇప్పుడూ లేదండీ."

"అంటే ఏమీ తగ్గించలేదన్నమాట."

"లేనిదాన్ని ఎలా తగ్గించమంటారు?"

"నన్నడిగితే ఎలా? రూలు అలా ఉంది. ఈసారికి వదిలేస్తున్నా. వచ్చే ఏడు మాత్రం సగం తగ్గి కనబడాలి."

మర్నాడు ముంగిసలన్నీ కట్టెలు మోసుకొచ్చి పుట్టలో మంట పెట్టాయి.

"ఈ ఏడు బాగా కాల్చండి. వచ్చే ఏడు తగ్గిద్దాం," అంది ముసలి ముంగిస, దగ్గుతూనే.

పుట్ట మీద రాళ్లు ఊరికే కాగుతున్నాయి.