ఒక్కటే చాబీ

చీకటి పడింది. బోధన్‌లో చెరకు తోట పక్క షెడ్డులో, బాపు వదిలిపోయిన అంబాసిడర్. దాన్ని పుణెలో కూర్చుని ఫోన్ మీదే అమ్ముతున్నాడు కొడుకు మహేందర్. బేరానికొచ్చిన లింగం షెడ్డు ముందు నిలబడ్డాడు.

"ఇయ్యాల పైపైన సూడు లింగన్నా. చాబీ ఒక్కటే, నా దగ్గరనే ఉంది. రేపు పంపుత."

ఫోన్‌లో కీచురాళ్ల మోత. ఉన్నట్టుండి అది ఆగింది. ఇంజన్ స్టార్టయింది.

మహేందర్ గుప్పిట్లో తాళంచెవి చల్లగా తగిలింది.

"ఎవలు స్టార్ట్ చేసిండ్రే?"

"లోపల పెద్దమనిషి కూసున్నడు గద!"

బతికుండగా బాపు పుణె వస్తానన్నప్పుడల్లా 'వచ్చే నెల' అంటూ దాటవేశాడు మహేందర్.

ఫోన్‌లో ఇంజన్ చప్పుడు మెల్లగా దూరమైంది.

"లింగన్నా, బండేది?"

"గాయిననే తీస్కపోయిండన్నా. పుణె తొవ్వ అడిగితే చెప్పిన."