పులి నిద్రపోయే వేళ

“మిక్సీకి ఇంత పెద్ద ఫ్యానా?”

అత్తగారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, గుమ్మంలో దిగిన అట్టపెట్టెని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. పెట్టె మీద అరచెయ్యంత ఫ్యాను బొమ్మ. కొత్తకోడలు పెట్టెని తనవైపు లాక్కుంది.

“కొత్త రకం అత్తయ్యా. అస్సలు వేడెక్కదట.”

“ఊఁ” అంది అత్తగారు.

ఆ ‘ఊఁ’ లోతు ఎంతో పెళ్లయిన మూడు నెలల్లో కోడలికి అంతుపట్టలేదు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరందరి మాటలూ కలిపింది కానీ, తన మాటలు మాత్రం పొదుపుగా వాడుతుంది.

కోడలు పెట్టెని చంకలో ఇరికించుకుని గదిలోకి పరుగెత్తింది. మంచం కింద అప్పటికే ఆరు పెట్టెలున్నాయి.

సంగతేమిటంటే, కాలేజీ రోజుల్లో ఐదుగురు అమ్మాయిల జట్టు వాళ్లది. కంప్యూటర్ ఆటల పోటీ ఎక్కడుంటే అక్కడ వాలిపోయేవాళ్లు. ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి మళ్లీ పోటీ, ఈసారి ఎవరింట్లోంచి వాళ్లు ఆన్‌లైన్లో.

“నువ్వు రాకపోతే నీ చోటు మా చెల్లికిస్తానే” అని జట్టు నాయకురాలు రోజూ ఫోన్లో బెదిరిస్తోంది. “అది గురి చూడమంటే కళ్లు మూసుకుంటుంది. ఇక మన పని గోవిందా!”

పాత ల్యాప్‌టాప్ ఆట తెరవగానే మూలిగి ముసుగు తన్నేస్తోంది. విడిభాగాలు కొని కొత్త కంప్యూటర్ తనే బిగించుకోవాలనుకుంది. చేతిలో ఉన్నది పెళ్లికి ముందు ట్యూషన్లు చెప్పి దాచుకున్న యాభై వేలు. భర్త సరేనన్నాడు. ఇక మిగిలింది అత్తగారు. కొత్తకోడలు తలుపేసుకుని ఆటలాడుతుందంటే ఏ అత్త ఊరుకుంటుంది?

అందుకే కంప్యూటర్ విడిభాగాల గురించి జనం జుట్లు పట్టుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో ‘పిచ్చుక’ అని పేరు పెట్టుకుని చేరింది. ముచ్చటపడి రాసుకున్న జాబితా పెట్టింది. గాజు తలుపు కేబినెట్, రంగులు మారే దీపాలు, మెరిసే కీబోర్డు. మిగిలిన చిల్లరతో ఆట బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు.

‘రెంచి’ అనే పేరుతో ఎవరో జవాబిచ్చారు. “ఒంటినిండా నగలు పెట్టి అన్నం పెట్టనట్టుంది నీ యవ్వారం. దీపాలు ఆట ఆడవు. అవి తీసెయ్. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు.”

కోడలికి ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. దీపాలు తీసేసింది.

“పవర్ సప్లయ్ చవకది తీసుకోనా?”

“ఆ ఒక్కదాని దగ్గర పిసినారితనం వద్దు. అది పోతే ఒంటరిగా పోదు, పక్కవాళ్లందర్నీ వెంటబెట్టుకుపోతుంది.”

“చప్పుడు రాకూడదు. మా ఇంట్లో పులి ఉంది.”

రెంచి నుంచి ఎదురు ప్రశ్న వచ్చింది. “కరిచే పులేనా?”

“ఇంకా కరవలేదు. ‘ఊఁ’ అంటుందంతే.”

“అయితే పెద్ద ఫ్యాను తీసుకో. పెద్దది నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు రాదు. చిన్నవే గోల చేస్తాయి.”

మధ్యాహ్నం రెండింటికి అత్తగారు తన గది తలుపు మూసుకుంటే కానీ కోడలికి ఊపిరాడేది కాదు. అదృష్టం కొద్దీ రెంచి జవాబులిచ్చేదీ ఆ వేళకే. భర్త ఫోన్ చూసి ముసిముసిగా నవ్వుకోవడంతో ఒకరోజు అనుమానమొచ్చింది.

“నిజం చెప్పండి, ఆ రెంచి మీరేనా?”

“నాకు బల్బు మార్చడమే రాదు తల్లీ!” అని దణ్ణం పెట్టాడతను.

ఆదివారం వచ్చేసింది. పొద్దున అత్తగారు పిలిచి కూర్చోబెట్టి జడ వేసింది. కోడలి కాళ్లు ఒకచోట నిలిస్తేగా!

“ఏమిటమ్మాయ్, ముళ్ల మీద కూర్చున్నట్టు?”

“ఏం లేదత్తయ్యా!”

“ఊఁ.”

రెండు కొట్టింది. అత్తగారి తలుపు మూసుకుంది. మంచం కింది పెట్టెలన్నీ బయటికొచ్చాయి. భర్త టార్చి పట్టుకున్నాడు. రెంచి రాసిపెట్టిన పాఠం గోడకి అంటించి ఉంది. “ప్రాసెసర్‌ని నొక్కకు, కూర్చోబెట్టు. తీగలు వెనక్కి కట్టు, ఏదీ ఫ్యానుకి తగలకూడదు. మెమరీ కడ్డీ మాత్రం టక్కుమనేదాకా నొక్కు. నెమ్మదిగా కాదు, నమ్మకంగా.”

మూడున్నరకి స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా అలాగే ఉంది.

ఆపి మళ్లీ వేసింది. నలుపే. తీగలన్నీ పీకి మళ్లీ పెట్టింది. నలుపే. భర్త టార్చి పట్టుకునే గోళ్లు కొరుక్కుంటున్నాడు. నాలుగున్నర దాటింది. ఫోన్ మోగింది.

“చెల్లి కుర్చీలో కూర్చుందే. ఏం చెప్పమంటావ్?”

“పది నిమిషాలాగవే, నీ కాళ్లు పట్టుకుంటా!”

గబగబా ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. “రెంచి గారూ, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర రావట్లేదు. కాపాడండి!”

జవాబు రాలేదు. బదులుగా తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో అత్తగారు. భర్త టార్చి ఆర్పేశాడు, అదేదో దాక్కోవడమైనట్టు. కోడలు పైట చెంగుతో కంప్యూటర్‌ని కప్పబోయింది. అంత పెద్ద కేబినెట్‌ని చెంగేం దాస్తుంది!

“అత్తయ్యా, ఇది మిక్సీ…”

అత్తగారు నేరుగా వచ్చి ముందు ప్లగ్గు పీకింది. కళ్లజోడు పైకి నెట్టి లోపలికి వంగింది. బొటనవేలు మెమరీ కడ్డీ మీద ఆనించి ఒక్క నొక్కు నొక్కింది.

టక్.

ప్లగ్గు పెట్టింది. తెర తెల్లగా వెలిగింది.

“నెమ్మదిగా కాదు పిచ్చుకా, నమ్మకంగా!”