గోనెసంచీలో ఆకులు

లావీనియా గోనెసంచీ మూతి విప్పింది. అటూ ఇటూ చూసింది. అప్పుడే ఊడ్చిన చర్చి నేల మీద ఎండుటాకులు కుమ్మరించింది.

కిటికీ బయట నిలబడి ఎలెనోవా అంతా చూసింది.

ఎలెనోవా పాస్టరుగారి భార్య. టోంగాలోని ఈ చివరి దీవికి భర్త బదిలీ అయి మూడు వారాలైంది. సామాన్లింకా సగం పెట్టెల్లోనే ఉన్నాయి. లావీనియా స్త్రీల సమాజానికి పెద్ద. వీళ్ళు పడవ దిగిన రోజు కాల్చిన పందినీ, పెండలం దుంపల్నీ మోయించుకొచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ స్వాగతం చెప్పింది.

అలాంటి మనిషి ఇప్పుడు ఆకుల్ని కాలితో బల్లల కిందికి కూడా నెట్టింది. ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు రేవు వైపు వెళ్ళిపోయింది.

అరగంటలో హెపిసిపా వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ. అక్కడి ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, చేత్తో కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. పొద్దున ఏడింటికి చర్చినంతా ఊడ్చిందీ ఆవిడే. ఎలెనోవా కళ్ళారా చూసింది.

“అబ్బో, ఎన్ని ఆకులో!” అంటూ ముసలావిడ నడుం వంచింది. కోపం లేదు, విసుగు లేదు. కూనిరాగం తీస్తూ మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టింది.

ఎలెనోవా లోపలికి వెళ్ళింది. “పెద్దమ్మా, మీరే ఎందుకు చేస్తున్నారు? ఇంకెవరూ లేరా?”

“ఇవాళ నా వంతమ్మా. వారానికి ఒక్కపూటేగా, నాకేం కష్టం?”

అది సోమవారం. మంగళవారమూ ఆవిడే ఊడ్చింది. బుధవారమూ ఆవిడే. ఈసారి ఆకులు పోసింది రొట్టెల కొట్టు నడిపే మాతెలిత. ఎలెనోవా మళ్ళీ అడిగింది. హెపిసిపా అదే నవ్వుతో అదే మాట చెప్పింది.

“వారానికి ఒక్కపూటేగా.”

ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. ఎవరో నేర్పించి పెట్టిన మాటలా ఉంది. భయపెట్టి మరీ నేర్పించారేమో.

భర్తతో చెబితే ఆయన తల గోక్కున్నాడు. “వాళ్ళు మంచివాళ్ళే ఎలెనోవా. తొందరపడకు.”

“పంది మాంసం పెట్టినవాళ్ళంతా మీకు మంచివాళ్ళే!”



రొట్టెలకని ఎలెనోవా మాతెలిత కొట్టుకు వెళ్ళింది. అక్కడ నలుగురు ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. ఆమెను చూడగానే నోళ్ళు మూతపడ్డాయి.

“చర్చిలో రోజూ ఆకులు పడి ఉంటున్నాయి, ఎక్కణ్ణుంచి వస్తున్నాయంటారు?” అంది ఎలెనోవా, ఏమీ తెలియనట్టు.

“గాలికొచ్చుంటాయమ్మగారూ,” అంది మాతెలిత, రొట్టె పొట్లం కడుతూ, తల ఎత్తకుండా.

రెండు రోజులుగా కొబ్బరాకు కూడా కదలడం లేదు.

శుక్రవారం చర్చి పక్క గదిలో, తలుపు వెనక, ఎలెనోవాకు ఒక కాగితం కనబడింది. మేకుకు గుచ్చి ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి చొప్పున ఆరు పేర్లు. మొదటిది లావీనియాది. మూడోది మాతెలితది. హెపిసిపా పేరు అసలు లేనే లేదు.

మధ్యాహ్నం ఆ ఆరుగురూ సంఘం హాల్లో చాపలు అల్లుతూ కూర్చున్నారు. ఎలెనోవా తిన్నగా వెళ్ళి కాగితం వాళ్ళ మధ్య పడేసింది.

“లావీనియా, సోమవారం ఎవరి పేరుంది?”

“నాదేనమ్మగారూ.”

“మరి సోమవారం చర్చి ఊడ్చిందెవరు?”

అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

“ఆవిడకు పిల్లల్లేరు. అడిగే దిక్కు లేదు. అందుకేగా మీ అందరి వంతులూ ఆ ముసలి ప్రాణం నెత్తిన రుద్దారు? అదీ చాలక, ఊడ్చినచోటే మళ్ళీ చెత్త పోస్తారా? ఆవిడ నడుం విరుగుతుంటే మీకు వేడుకగా ఉందా?”

మాతెలిత మొహం చేతుల్లో దాచుకుంది. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“చెప్పండి! లేకపోతే ఈ ఆదివారం మీలో ఒక్కరికి కూడా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందవు. పాస్టరుగారి చేత చెప్పించే పూచీ నాది.”

ఆ మాటకు లావీనియా మొహం పాలిపోయింది. మెల్లగా లేచింది. ఎలెనోవా వైపు రాలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి బయటికి తొంగి చూసింది. దారిలో ఎవరూ లేరని చూసుకుని, తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టింది.

ఎలెనోవా ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఎవరికి భయపడి ఆ తలుపు వేస్తున్నావ్?”

“హెపిసిపా చెవిన పడకూడదమ్మగారూ,” అంది లావీనియా. “మీకు మొదటిరోజే చెబుదామనుకున్నాం. చెబితే ఇక ఊడ్వొద్దని ఆవిడ చేతిలోంచి చీపురు తీసేసుకుంటారని భయపడ్డాం.”

“నేనెందుకు తీసుకుంటాను?”

లావీనియా అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఊడ్చిన సంగతి ఇంటికెళ్ళేలోపే మర్చిపోయి మళ్ళీ చీపురు పట్టుకుని వచ్చేస్తుందమ్మా, నేల శుభ్రంగా కనబడితే దేవుడికి ఇక తన సేవ అక్కర్లేదనుకుని గుమ్మంలో కూలబడి ఏడుస్తుంది, అందుకని ఆకులు పోసే వంతు మేం ఆరుగురం పంచుకున్నాం.”