అసలు స్పీడు

స్విచ్చి పోయిందని ఇచ్చిన స్పూల్ టేప్‌రికార్డర్‌లో, అలవాటు కొద్దీ, సాగిపోయిన రబ్బరు బెల్టు కూడా మార్చేశాడు మెకానిక్ నర్సిములు. లింగంపల్లిలోని తన కొట్లో దాన్ని ఆన్ చేసి చూపించాడు. రీళ్లు తిరిగాయి. ఓ కుర్రగొంతు హుషారుగా పద్యం అందుకుంది.

కోకాపేట ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఉదయశ్రీ మెడలో ఐడీ కార్డు ఇంకా అలాగే ఉంది. కాసేపు విని, "ఇది మా నాన్న గొంతు కాదండి" అంది.

"టేపు మీరు తెచ్చిందే గద మేడమ్."

"నాన్నది బరువైన గొంతండి. నింపాదిగా పాడతారు."

నర్సిములు స్పీడు మళ్లీ చూశాడు. సరిగ్గానే ఉంది.

"బెల్టు సాగి ఇన్నేండ్లు మెల్లగ తిరిగింది మేడమ్. మెల్లగ తిరిగితే గొంతు దొడ్డుగైతది. అసలు గొంతు గిదే. మీ నాయిన ఇంట్ల ఎట్ల మాట్లాడుతుండెనో జర యాది చేసుకోండ్రి."

"నేను పుట్టిన నెలకే పోయారండి." ఆఫీసులో ఎవరికో జవాబు చెప్పినట్టే చెప్పింది. "ఇందులో విన్నదే."

పద్యం అయిపోయింది. టేపు చివర రీలు మీద టపటపా కొట్టుకుంటోంది.

"ఆ పాత బెల్టు పారేశారా అండీ?"