ఓటు లేని కుర్సీ

“ఓటు లేని కుర్సీల నా బిడ్డను కూసోబెట్టిండ్రట. గిదేం న్యాయం మేడం?”

బీడీల చాట పక్కింట్లో పడేసి, కోమల కొట్లాటకే వచ్చింది. బడి హాల్లో పిల్లల పార్లమెంటు నడుస్తోంది. ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది, నడుమ ఎత్తు కుర్చీలో ఆమె కూతురు భవ్యశ్రీ. స్పీకర్.

కొట్లాటకు కారణం లేకపోలేదు. ఈరోజు బిల్లు ఒక్కటే. బడి గేటు తొమ్మిదికి కాక తొమ్మిదింబావుకు మూయాలి. నెగ్గితే రేపటి నుంచే అమలు చేస్తానని హెడ్మాస్టర్ సదానందం సారు అందరి ముందూ మాటిచ్చాడు. హుజూరాబాద్ నుంచి వచ్చే బస్సు ఏనాడూ తొమ్మిదికి చేరదు. పోయిన నెలలో భవ్యశ్రీ పదకొండు రోజులు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఇట్లయితే బడి మాన్పించి బీడీలకు కూర్చోబెట్టడమేనని కోమల నిన్ననే తేల్చి చెప్పింది. తీరా చూస్తే, ఓటు వేయాల్సిన పిల్లకే ఓటు లేదంటారు!

“ఢిల్లీల గూడ గిట్లనే కోమలక్కా,” అంది సోషల్ చెప్పే నవత మేడం. “స్పీకర్ ముందుగాల ఓటెయ్యద్దు. రెండు దిక్కుల సమానమొస్తేనే ఆ కుర్సీకి ఓటు. జర సూడు.”

అంతలో సదానందం సారు ఫోన్ మోగింది. ఆయన దాన్ని చెవికి పెట్టుకొని బయటికి నడిచాడు. ఆ వెనకే ఓటింగ్ గంట కొట్టారు. గంట ఆగగానే అటెండర్ హనుమండ్లు తలుపులు మూసి గొళ్లెం పెట్టేశాడు.

“ఇగ ఓటింగ్ అయ్యేదాంక తియ్యరు,” అంది మేడం గుసగుసగా. “ఢిల్లీల మంత్రి ఆలస్యంగొచ్చినా బయటనే.”

“మంత్రి గూడనా!” కోమల నోరు తెరిచింది.

చేతులు లేచాయి. ‘అవును’ అన్నవాళ్లు ఇరవై. ‘కాదు’ అన్నవాళ్లూ ఇరవైయే.

 అందరి కళ్లూ ఎత్తు కుర్చీ మీదే. పొద్దున జడ వేయమని తన ముందు కూర్చున్న పిల్లేనా ఇది? ఇప్పుడు ఇంతమంది తలరాత దాని నోటిమాటలో ఉంది! కోమల రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

‘కాదు’ పక్షం నాయకుడు రంజిత్ లేచాడు. వాడి ఇల్లు బడికి ఎదురుగానే.

“అధ్యక్షా! మీరు గూడ బస్సుల వచ్చేటోళ్లే. మీ దిక్కే ఏసుకుంటరు. గిదేం పార్లమెంటు?”

భవ్యశ్రీ కిటికీలోంచి సారు వెళ్లిన దిక్కు చూసింది. తర్వాత తొణక్కుండా అంది.

“ఈ కుర్సీల కూసున్నంక నేను బస్సు పిల్లను గాదు. సదానందం సారు మాట ఏదో, నా ఓటు గదే.”

రంజిత్ సంతోషంగా బల్ల చరిచాడు. సారు మాట లోకానికంతా తెలిసిందే, నిమిషం ఆలస్యమైనా గేటు బయటే అని.  చేజేతులా చేసుకుంది కదా పిచ్చిపిల్ల! కోమల గట్టిగా తిడదామనుకుంది కానీ, ఆ కుర్చీని చూసి ఆగిపోయింది.

అప్పుడే తలుపు దబదబా మోగింది.

“ఎవడ్రా గొళ్లెం వెట్టింది? నేను, హెడ్మాస్టర్ని! రెండు నిమిషాలు లేటయితే మనిషిని బయట నిలవెడ్తరా? తియ్యుండ్రి!”

భవ్యశ్రీ లేచి నిలబడింది.

“సారు మాట అందరు ఇన్నరు గదా. బిల్లు నెగ్గింది. హనుమండ్లు తాతా, ఇగ తలుపు తియ్యి.”