స్పెయిన్ తుపాకీ

సత్యానందం జంట గొట్టాల తుపాకీని మడిచి, గొట్టాల్లోంచి కిటికీ వెలుగు చూశాడు. ఎక్కడా తుప్పు మచ్చ లేదు. పాత స్పెయిన్ సరుకు అద్దంలా మెరుస్తోంది.

“లోపల తుప్పుంది, సరిగ్గా చూడండి,” అన్నాడు వాల్టర్. దాన్ని అమ్ముతానని పేపర్లో ప్రకటన ఇచ్చిన ముసలాయన ఆయనే.

“ఆయనే చెప్తున్నాడు కదండీ! ఇంట్లో గన్ ఎందుకు, పదండి,” అని తెలుగులో గొణిగింది అతని భార్య విమల.

సత్యానందం గొట్టాలు ఊడదీసి, వేలికి వేలాడదీసి గోటితో కొట్టాడు. రెండు గొట్టాల మధ్య అతుకు వదిలితే డొల్ల మోత రావాలి. ఇవి చర్చి గంటలా ఖంగుమన్నాయి.

“విన్నారా, పగిలిన మోత!” అన్నాడు వాల్టర్ కంగారుగా.

“మతి పోయిందా నీకు? దీన్ని మించింది మిషిగన్‌లోనే లేదనేవాడివిగా!” అని ఆయన భార్య డోరతీ కసిరింది. “ఈ వారం అమ్మేస్తానని నాకు మాటిచ్చావు!”

వాల్టర్ చెయ్యి మాత్రం తుపాకీ చెక్క పిడిని నిమురుతూనే ఉంది.

ముసలాయనకి దీన్ని వదులుకోవడం ఇష్టం లేదని అప్పుడు అర్థమైంది సత్యానందానికి. నవ్వు బిగబట్టుకున్నాడు.

“సారీ మేడమ్,” అన్నాడు డోరతీతో. “ఇది పనికిరాదు. ఎవరూ కొనరు.”

“థాంక్ గాడ్!” అంటూ విమల గబగబా వెళ్లి కారెక్కింది.

వాల్టర్ వెనకాలే వచ్చి సత్యానందం చెవిలో, “అక్టోబర్లో వేటకి రండి. మొదటి గుండు మీరే పేల్చాలి,” అన్నాడు.

“ఏమంటున్నాడండీ?” అనడిగింది విమల.

“మన టైమ్ వేస్ట్ చేశానని బాధపడుతున్నాడు,” అన్నాడు సత్యానందం, కారు స్టార్ట్ చేస్తూ.