ఎదురు హోటలు

“ఆయమ్మ హోటలు మూయించేదుంటే నేను సంతకం పెట్టను లాయరమ్మా,” అని కుళ్లాయప్ప పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పడేశాడు.

పుష్పావతి ఆ పెన్ను తీసి మళ్లీ అతని ముందు పెట్టింది. కదిరిలో లాయరుగా బోర్డు పెట్టినప్పటి నుంచి ఆమె దగ్గరికి వచ్చినవన్నీ గట్టు తగాదాలూ, ఎండిపోయిన బోర్ల తగాదాలే. ఫ్రాంచైజీ అగ్రిమెంటు అనే మాట ఆమె గడప తొక్కడం ఈ 2003 వేసవిలోనే మొదలు. ఇది కుదిరితే బెంగళూరు కంపెనీ మిగతా పనులు కూడా ఆమెకే అప్పజెపుతుంది. చెడిందా, మళ్లీ గట్లూ బోర్లే.

కంపెనీ తరఫున వచ్చిన కేశవ అయోమయంగా చూశాడు. కుళ్లాయప్ప హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మనసు పారేసుకున్నవాడు అతను. అదే పేరుతో, అదే రుచితో బెంగళూరులో హోటళ్లు తెరుస్తానంటున్నాడు. కుళ్లాయప్పకు పోటీ లేకుండా రోడ్డుకు అవతలున్న చిన్నక్క హోటలు స్థలాన్ని కంపెనీయే కొని మూసేస్తుందని కూడా రాయించాడు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్లు.

పైగా కుళ్లాయప్పకూ చిన్నక్కకూ క్షణం పడదు. పొద్దున్నే ఎవరి గడప మీద వాళ్లు నిలబడి తిట్టుకోనిదే ఆ వీధికి తెల్లారదు. దాంతో ఊరు కూడా రెండు వర్గాలైంది. ఈ వర్గం వాడు ఆ వర్గం బజ్జీ ముట్టడు. పుష్పావతి నాయన లింగప్ప కుళ్లాయప్ప వర్గంలో పెద్ద తలకాయ. కొడుక్కి పిల్లను చూడబోయినప్పుడు చిన్నక్క బజ్జీలు పెట్టారని, పిల్ల ముఖమైనా చూడకుండా లేచి వచ్చేశాడు. ఆ పాడు వాసన కళ్లు మూసుకుని పసిగడతానంటాడు. పుష్పావతి కూడా బుద్ధెరిగాక ఆ హోటలు మెట్లెక్కలేదు.

కేశవను కాసేపు కూర్చోమని చెప్పి, ఆమె కుళ్లాయప్పను వరండాలోకి తీసుకుపోయింది.

“ఏమన్నా, ఈ పొద్దు కూడా ఆమె పొయ్యిలో నీళ్లు పోస్తానని అరిచినావంట కదా?”

“అరిచేది వేరే, ఆర్పేది వేరే. ఆయమ్మ పొయ్యి ఆరిపోతే నా బతుకు ఏమైతాదమ్మా?”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పుష్పావతికి చిన్న అనుమానం తగిలింది. చిన్నక్క మొగుడు పోయి చాన్నాళ్లయింది. కుళ్లాయప్ప అసలు పెళ్లే చేసుకోలేదు. ఇన్నేళ్ల తిట్ల వెనకున్న సంగతి ఇదా అనుకుని, నవ్వు ఆపుకుని లోపలికి వచ్చింది.

“సార్, మా ఊళ్లో ఆకలికి తినేవాళ్లు తక్కువ, పంతానికి తినేవాళ్లు ఎక్కువ. ఎదురు హోటలు లేకపోతే ఈయన గిరాకీ సగం పడిపోతుంది,” అంది కేశవతో.

కేశవ కిటికీలోంచి అదే వీధిలో ఉన్న హోటళ్ల వైపు చూశాడు. రెండు హోటళ్ల ముందూ జనం ఒకరినొకరు కొరకొరా చూసుకుంటూ బజ్జీలు నములుతున్నారు. అతను ఆ షరతు కొట్టేశాడు. తర్వాత కుళ్లాయప్ప వంటగదిని తెగ మెచ్చుకున్నాడు. గోడల మీద మసి మరకైనా లేదనీ, అంత శుభ్రం బెంగళూరులో కూడా చూడలేదనీ అన్నాడు. కుళ్లాయప్ప తన తెల్లచొక్కా సర్దుకున్నాడు.

“ఇంక మీరు ఒక్క వారం బెంగళూరు వచ్చి మావాళ్లకు వంట నేర్పించాలి.”

కుళ్లాయప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. తనకు బస్సు పడదన్నాడు. వాంతులన్నాడు. చివరికి తన బదులు చెయ్యి తిరిగిన మనిషిని పంపిస్తానన్నాడు.

“అయితే ఆ మనిషి ఎవరనేది ఊళ్లో ఎవరికీ తెలీకూడదు. తెలిస్తే నా కొంప మునుగుతాది,” అన్నాడు.

ఎదుటి వర్గం వాళ్లు వంటవాణ్ణి ఎగరేసుకుపోతారని భయం కాబోలు అనుకుంది పుష్పావతి. అలాంటి రహస్యాలు కాపాడటానికే కదా తానున్నది. వంట చేసే మనిషి ఎవరన్నది కంపెనీ గానీ, లాయరు గానీ, కడకు కన్నవాళ్లకైనా చెప్పరాదని గట్టి షరతు రాసింది. రాసింది మళ్లీ చదువుకుని మురిసిపోయింది. కుళ్లాయప్ప సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి సోమవారం కుళ్లాయప్ప హోటలు మూశాడు, గోడలకు సున్నం కొట్టించాలట. అవతల చిన్నక్క కూడా నల్లమాడలో కూతురి దగ్గరికి పోతున్నానని తలుపుకు తాళం వేసింది. లింగప్ప ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

“చూస్తివా పాపా, మనోడు లేంది ఆయమ్మకు పొయ్యి ముట్టించే ధైర్యం కూడా లేదు,” అన్నాడు. కూతురు వంట మనిషిని బస్సెక్కించడానికి పోతోందని తెలిసి ఇంకా పొంగిపోయాడు. ఎవరని మాత్రం అడగలేదు. “మన బజ్జీ బెంగళూరికి పోతాండాది. ఆ చేతులకు నా దండాలని చెప్పు.”

బస్టాండు వద్దని, ఊరి బయట క్రాసు రోడ్డు దగ్గరికి రమ్మన్నాడు కుళ్లాయప్ప. పుష్పావతి టికెట్టు పట్టుకుని ఎండలో నిలబడింది. కుళ్లాయప్ప భుజాన ట్రంకు పెట్టెతో ఒక్కడే వచ్చాడు. మనిషి ఏడీ అని అడిగితే, చెప్పకుండా చింతచెట్టు వైపు చూశాడు. బస్సు వచ్చి ఆగింది. నాయన చెప్పమన్న దండాలు గుర్తొచ్చి పుష్పావతి రెండు చేతులూ జోడించింది.

నూనె బాండలి చంకన పెట్టుకుని, చెట్టు చాటు నుంచి వచ్చి బస్సెక్కింది చిన్నక్క.